మఠంలో మధ్య కుర్చీ

మా రాస్‌డ్రీనాలో పొద్దుగూకాక మఠం దారిన ఎవరూ నడవరు. తాగినవాడు కూడా నడవడు. పబ్బు నుంచి రేవుకి అదే దగ్గర దారి. అయినా సరే, చుట్టూ తిరిగి, మోకాళ్ళ దాకా బురద తొక్కుకుని, ఇంటికెళ్ళి పెళ్ళాం చేత చీవాట్లు తింటాడు గానీ ఆ గోడ పక్కనుంచి మాత్రం వెళ్ళడు.

పగలు చూస్తే మీరు నవ్వుతారు. ఇంత అందమైన చోటికి భయమేమిటి అంటారు. ఫ్రాన్సిస్ సన్యాసులు కట్టుకున్న గుడి అది. కప్పు ఎప్పుడో పోయింది, సన్నటి గంటగోపురం మాత్రం ఇంకా నిలబడే ఉంది. సమాధి రాళ్ళ మీద ప్రభువు పడ్డ శ్రమలన్నీ చెక్కి ఉంటాయి — కొరడా, మేకులు, నిచ్చెన, ఆఖరికి కుండలోంచి లేచి కూస్తున్న కోడిపుంజు కూడా. ప్రభువు లేచాడంటే నమ్మని వాడొకడు "ఈ ఉడికే కోడి లేస్తే ఆయనా లేస్తాడు" అన్నాడట. కోడి లేచి కూసింది. మా ఊరి పిల్లలు అక్షరాలకన్నా ముందు ఆ పుంజుని గుర్తుపడతారు.

ఉత్తరం గోడ మీద సున్నం పెచ్చులూడిన చోట ఎర్రరంగుతో వేసిన లేడి ఒకటుంది. దాని వెనక వేటకుక్క, సగమే. మిగతా సగం వాన తినేసింది.

బలిపీఠం పక్కన గోడలోనే తొలిచిన మూడు రాతి కుర్చీలు. పూజ జరిగేటప్పుడు సన్యాసులు కూర్చునేవి. పైన కమానులు, కమానుల చుట్టూ ఆకులు, ఆకుల మధ్య వేలెడేసి మొహాలు. చెక్కినవాడికి ఊళ్ళో ఎవరి మీదో కోపం ఉండి ఉండాలి, ఒక మొహం నాలిక బయటపెట్టి మరీ వెక్కిరిస్తూ ఉంటుంది.

ఆ మూడింట్లో మధ్య కుర్చీలో ఎవరూ కూర్చోరు. పగలైనా సరే.

ఇంగ్లీషు సైన్యం వచ్చి మఠానికి నిప్పుపెట్టిన రోజున, ఒక ముసలి సన్యాసి ఆ కుర్చీలో కూర్చుని ఎవడో క్షమించమని తన పాపాలు చెప్పుకుంటుంటే వింటున్నాడట. లెమ్మన్నారు. "ఇతను చెప్పడం అయ్యాక లేస్తాను" అన్నాడట. అంతే... క్షమించడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా నరికేశారు. చెప్పుకున్నవాడి పాపం మధ్యలోనే ఉండిపోయింది. అందుకని నవంబర్లో చచ్చినవాళ్ళని తలుచుకునే ఆత్మల పండగనాడు, చీకటి పడ్డాక, ఆయన వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు. గోధుమరంగు అంగీ, తలమీద ముసుగు. చూసినవాడు మళ్ళీ ఆత్మల పండగ చూడడు.

ఇది మా తాతల నాటి మాట. నేను పెద్దగా నమ్మేదాన్ని కాదు. మా పినతండ్రి బట్టల కొట్టులో గల్లా పక్కన కూర్చుని ఊరి కబుర్లన్నీ వినేదాన్ని కాబట్టి, నమ్మడం మొదలుపెడితే ఇక అన్నీ నమ్మాలి. కానీ ఇప్పుడు చెప్పబోయేది మాత్రం సబీనా మానియన్ నాకు చెప్పింది. ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. కొలత తక్కువైతే నా మొహం మీదే చెప్పేది.

సబీనా కొడుకు ఫెస్టీ. ఒక్కడే. ఆ ఏడాది మార్చిలో సముద్రంలో పోయాడు.

వాడూ, కోల్మన్ హెస్సియనూ కలిసి పీతలు పట్టే బుట్టలు నీళ్ళలోంచి ఎత్తడానికి వెళ్ళారు. మా వాళ్ళ పడవలు మీరు చూసి ఉండరు — చెక్క బద్దల మీద తారు పూసిన గుడ్డ, అంతే. ఇద్దరు సరిగ్గా కూర్చుంటే అలమీద పువ్వులా తేలుతుంది. ఒకడు ఒక పక్కకి వాలితే బోర్లాపడుతుంది. ఇద్దరూ ఒకే బడి, ఒకే పడవ, ఒకే పొగాకు పొట్లం. వెళ్ళింది ఇద్దరు, వచ్చింది కోల్మన్ ఒక్కడు. "అల వచ్చి లాక్కుపోయింది, నేను చూసేలోపే లేడు" అన్నాడు. ఊరంతా నమ్మింది. సముద్రం అలాంటిదే కదా. శవం దొరకలేదు.

శవం లేని తల్లి బాధ ఇంకో రకం. ఏడవడానికి ఒక చోటంటూ ఉండదు. సబీనా రోజూ రేవుకి వెళ్ళేది, కోల్మన్ కనిపిస్తే ఒకటే అడిగేది: "చివర్న ఏం జరిగింది నాయనా?" అతను ప్రతిసారీ అదే మాట చెప్పేవాడు, నేలచూపులు చూస్తూ. కొన్నాళ్ళకి ఆవిడ అడగడం మానేసింది. అడగడం మానేసి, చూడడం మొదలుపెట్టింది.

ఏం చూసిందంటే — కోల్మన్ ప్రతి ఆదివారం పూజకి వస్తాడు. ఫాదర్ పవిత్రమైన అప్పం పంచే సత్ప్రసాదం వేళకి అందరూ లేచి ముందుకి వెళ్తే, తను మాత్రం వెనక గోడకి ఆనుకుని టోపీ నలుపుకుంటూ నిలబడతాడు. ఇది మా ఊళ్ళో చిన్న విషయం కాదు. పక్కింట్లో పొయ్యి వెలగలేదంటే ఎవరికీ పట్టకపోవచ్చు గానీ, సత్ప్రసాదం ఎవరు తీసుకోలేదో అందరికీ పట్టింపే. చెప్పుకోలేని పాపం నెత్తిన ఉన్నవాడే అలా నిలబడిపోతాడు. ఊళ్ళోవాళ్ళు మాత్రం, "పాపం, స్నేహితుడు పోయిన దిగులు" అనుకున్నారు. జాలి పడడం తేలిక, ఆలోచించడమే కష్టం.

మరి చెప్పుకోవచ్చు కదా అంటారా? ఎవరికి చెప్పుకుంటాడు? మా గుడి ఫాదర్ లావెల్, సబీనాకి స్వయానా తమ్ముడు. ఫెస్టీకి మేనమామ. పక్క ఊరు కూడా వెళ్ళాడట పాపం, బస్సెక్కి. అక్కడ వరుసలో కూర్చుని, తన వంతు వచ్చేసరికి లేచి వచ్చేశాడు. ఆ ఫాదర్ కూడా రేపు టీ తాగే మనిషే, చేపలు కొనే మనిషే, దారిలో ఎదురుపడే మనిషే. బతికున్నవాడి చెవిలో ఆ మాట వెయ్యలేకపోయాడు.

సరిగ్గా అప్పుడే, సెప్టెంబర్‌లో అనుకుంటా, మఠం కథకి ఒక కొత్త తోక మొలిచింది. ఆ సన్యాసి అందరినీ చంపడట. గుండెల్లో పాపం పెట్టుకుని వెళ్ళి ఆయన ముందు మోకరిస్తే, మొత్తం విని క్షమిస్తాడట. తన పని పూర్తవుతుంది కదా మరి. ఆయన చచ్చినవాడు కాబట్టి ఇంకెవరికీ చెప్పడు. మా కొట్టుకి వచ్చినవాళ్ళు ఈ మాట ఒకరికొకరు చెప్పుకుంటుంటే నేనే విన్నాను. ఎవరన్నారంటే ఎవరికీ తెలియదు.

కోల్మన్ కూడా విన్నాడు.

ఆత్మల పండగనాడు మాకు సాయంత్రం అయిదింటికే చీకటి. అందరూ ఇళ్ళల్లో కొవ్వొత్తులు వెలిగించి జపమాల చెప్పుకుంటున్నారు. అతను లాంతరు లేకుండా బయల్దేరాడు. గోడ దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాడు. మూడోసారి గోడ దాటాడు.

లోపల గడ్డి మంచుకి తడిగా ఉంది. కాలికింద సమాధి రాళ్ళు. కప్పు లేని గుడిలో కూడా మావాళ్ళు ఇంకా పూడుస్తూనే ఉంటారు, తాతల పక్కన పడుకోవాలని. ఒక్కో రాయి తొక్కినప్పుడల్లా "క్షమించండి... క్షమించండి..." అని గొణుక్కుంటూ నడిచాడట. గోపురం మీద కాకులు కూడా అరవలేదు. సముద్రం మాత్రం వినిపిస్తోంది, దూరంగా.

గోపురం కింది కమాను దాటాడు. బలిపీఠం కనిపించింది. దాని పక్కన మూడు కుర్చీలు — మూడు నల్లటి గుంటల్లా.

మొదటిది ఖాళీ. చివరిది ఖాళీ.

మధ్యది... ఖాళీగా లేదు.

గోధుమరంగు అంగీ. ముసుగు కళ్ళ మీదకి దిగి ఉంది. చేతులు రెండూ ఎదురెదురు అంగీ చేతుల్లోకి దూర్చుకుని, తల కొంచెం వంచి, వినడానికి సిద్ధంగా ఉన్న మనిషిలా కూర్చుని ఉంది ఆ ఆకారం.   కోల్మన్ మోకాళ్ళ మీద పడ్డాడు.

ఎక్కడో నీటిబొట్లు పడుతున్నాయి. టప్... టప్... గోడకి పాకిన తీగల మీదినుంచి అనుకున్నాడు. ఆ రోజు వాన పడలేదన్న సంగతి అతనికి తట్టలేదు.

"ఎంతకాలమైంది, పాపం చెప్పుకుని?"

గుసగుసే. గొంతులో తడి ఉన్నట్టు.

"మార్చి నుంచి, ఫాదర్."

ఇక ఆగలేదు. తలెత్తకుండా, నేలకి చెప్పుకున్నట్టు చెప్పేశాడు. అల రావడం నిజమే. ఫెస్టీ నీళ్ళలో పడ్డాడు. కానీ పోలేదు. ఈదుకుంటూ వచ్చి పడవ అంచు పట్టుకున్నాడు. పైకి రావాలని వేళ్ళాడాడు. పడవ ఆ పక్కకి ఒరిగిపోయింది, నీళ్ళు లోపలికి వస్తున్నాయి. వెనకవైపు నుంచి ఎక్కరా అని కోల్మన్ అరిచాడట. వాడు వదల్లేదు. ఇద్దరం పోతాం అనిపించింది. చేతిలో తెడ్డు ఉంది...

"కొట్టాను, ఫాదర్. ఒక్క దెబ్బ. పట్టుకున్నది ఒక్క చెయ్యే, ఎడమ చెయ్యి. వదిలేశాడు. అంతే."

 టప్... టప్...

"ఒక్కటేనా?"

"ఒక్కటే, ఫాదర్."

 కోల్మన్ కళ్ళు మూసుకుని, క్షమించే చెయ్యి తన తలమీద లేస్తుందని ఎదురుచూశాడు. చెయ్యి లేవలేదు. అంగీ చేతుల్లోంచి బయటికే రాలేదు.

"ఫెస్టీ తల్లికి చెప్పావా?"

"లేదు..."

"వెళ్ళి చెప్పు."

"ముందు మీరు క్షమించండి, ఫాదర్..."

"ముందు ఆమెకి చెప్పు."

లేచాడు. ఎలా లేచాడో, రాళ్ళ మీద ఎలా పరిగెత్తాడో అతనికే తెలియదు. గోడ దూకేటప్పుడు మోకాలు చీరుకుంది. ఆగలేదు. ఆగితే మళ్ళీ ధైర్యం రాదని తెలుసు. తిన్నగా సబీనా ఇంటికే వెళ్ళాడు, ఊరి చివర, చిన్న మిట్ట మీద.

ఇంట్లో దీపం లేదు. తలుపు తట్టాడు. పలుకు లేదు. ఆత్మల పండగనాడు, అందులోనూ కొడుకు పోయిన ఏడు, ఒంటరి ఆడమనిషి చీకట్లో ఎక్కడికి వెళ్తుంది? అరుగు మీద కూర్చున్నాడు. వెళ్ళిపోదాం, రేపు చెప్దాం అనుకున్నాడు. రేపు అంటే ఎప్పటికీ కాదని అతనికి తెలుసు.

అప్పుడు వినిపించాయి అడుగులు. రాళ్ళ దారి మీద, కింద నుంచి... మెల్లగా.

వస్తున్నది సన్యాసి.

అదే అంగీ. అదే ముసుగు. గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. కోల్మన్ గోడకి అతుక్కుపోయాడు. చెప్పడానికి వచ్చాను ఫాదర్, ఆవిడ లేదు, అందుకే చెప్పలేదు — అనాలనుకున్నాడు. ఆ ఆకారం అతని పక్కనుంచే వెళ్ళి, తలుపు వైపు తిరిగింది.

వీపు కనిపించింది. అంగీకి వీపు లేదు.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. మా ప్రాంతంలో ఫ్రాన్సిస్ సభలో పేరు నమోదైన గృహస్థులందరికీ చచ్చాక ఆ సన్యాసుల అంగీయే తొడుగుతారు. సభలో లేనివాళ్ళు కూడా, ఎందుకైనా మంచిదని, అదే కావాలంటారు. ఫ్రాన్సిస్ పునీతుడి బట్టలో వెళ్తే పైన తొందరగా తలుపు తీస్తారని ఆశ. చాలామంది ముందే కొనుక్కుని పెట్టెలో దాచుకుంటారు. మా కొట్టులో అవే ఎక్కువ అమ్ముడుపోయేవి. వాటికి ముందు భాగమే ఉంటుంది. వెనక నాడాలు కట్టడమే. పడుకున్న మనిషి వీపు ఎవరు చూస్తారు? గుడ్డ కలిసొస్తుంది, బిగుసుకుపోయిన చేతులకి తొడగడమూ తేలిక.

కోల్మన్ తన నాయనమ్మకి తొడిగేటప్పుడు చూశాడు కాబట్టి, నాడాలు చూడగానే తెలిసిపోయింది. నాడాల మధ్య నీలం ఉన్ని స్వెట్టరు. ఆ స్వెట్టరు ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు.

"సబీనా అత్తా..."

ఆవిడ ముసుగు వెనక్కి తోసుకుంది. చావు బట్టలో బతికున్న మనిషి మొహం. కోపం లేదట ఆ మొహంలో. అదే ఎక్కువ భయపెట్టింది అతన్ని.

తనకి అంతా అర్థమైందనుకున్నాడు. కుర్చీలో కూర్చున్నది ఈవిడే. తన చేత చెప్పించింది ఈవిడే. సిగ్గూ, భయం, వాటితోపాటు ఒక రకమైన నిమ్మళం కూడా కలిగింది. చెప్పాల్సింది చెప్పేశాడు, వినాల్సినవాళ్ళే విన్నారు.

"మీరు విన్నారు కదా అత్తా. ఇంకేం చెప్పను?"

"నా మొహం చూసి చెప్పు."

చెప్పాడు. మొదటిసారి ఆవిడ కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. అల, పడవ, తెడ్డు, ఎడమ చెయ్యి. ఒక్క దెబ్బ. ఆవిడ తలుపుకి ఆనుకుని కదలకుండా విన్నది. కన్నకొడుకుని ఎలా చంపారో వినడానికి ఎనిమిది నెలలు కాచుకున్న మనిషి, ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"ఏమైనా అన్నాడా వాడు?"

"నా పేరు పిలిచాడు."

ఆవిడ తల ఊపింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

అప్పుడు అతనే అన్నాడు, దాదాపు నిష్ఠూరంగా: "నన్ను క్షమించమని అడగను అత్తా. కానీ అలా దొంగచాటుగా, ఆ కుర్చీలో కూర్చుని నా నోటి నుంచి లాగడం..."

"కూర్చుందామనే వెళ్ళాను," అంది సబీనా. "సన్యాసి క్షమిస్తాడన్న మాట పుట్టించింది నేనే. నీ చెవిన పడాలనే, ఎవరో అన్నారంటూ కొట్టు కొట్టుకీ తిరిగి చెప్పాను. నువ్వు సత్ప్రసాదం ఎందుకు తీసుకోవడం లేదో నాకు తెలియాలి. అందుకే ఈ అంగీ వేసుకుని బయల్దేరాను. కానీ ఈ నాడాలు నా అంతట నేను కట్టుకోలేక ఆలస్యమైంది."

"అంటే..."

"నేను వెళ్ళేసరికి నువ్వు మోకాళ్ళ మీద ఉన్నావు. కుర్చీలో మనిషి ఉన్నాడు."

కోల్మన్ ఏదో అనబోయాడు. ఆవిడ ఆగలేదు.

"నా తమ్ముడేమో అనుకున్నాను మొదట. కమాను చాటున నిలబడ్డాను. నువ్వన్నదంతా విన్నాను. నువ్వు పరిగెత్తాక దగ్గరికి వెళ్ళాను. కింద రాళ్ళన్నీ తడి. ఉప్పునీటి వాసన. ఎవరు నువ్వని అడిగాను."

"ఎవరు?" అన్నాడు కోల్మన్.

"మాట్లాడలేదు. మొహం చూపించలేదు. అంగీలోంచి చేతులు బయటికి తీసి నా ముందు చాపాడు. ఎడమది ఒక్కటే కాదు, కోల్మన్. రెండూ. విరగని వేలు ఒక్కటీ లేదు."

కింద సముద్రం అలాగే మోగుతోంది. అతను అరుగు మీద కూలబడ్డాడు. నోరు తెరిచాడు గానీ, ఒక్కటే దెబ్బ అని మళ్ళీ అనలేకపోయాడు.

సబీనా తలుపు తీసింది. లోపలికి వెళ్ళి దీపం వెలిగించి, పొయ్యి పక్కన కుర్చీ లాగింది. ఆ అంగీ విప్పకుండానే ఎదురుగా కూర్చుంది.

"లోపలికి రా," అంది. "ఇప్పుడు మొదటినుంచీ చెప్పు."